పీరా సార్ కవరు

నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో పరీక్షల జవాబు పత్రాలను కవర్లలో పెట్టి అంటిస్తుంటే, జిగురు సీసా మూత ఊడి నా చేతి మీద ఒలికింది. ఆ వాసన మీకు తెలిసే ఉంటుంది. కొంచెం పుల్లగా, కొంచెం తీయగా, పులిసిన పిండి పక్కన ఎవరో బెల్లం ముక్క మరిచిపోయినట్టు ఉంటుంది. అది ముక్కుకు తగిలిందో లేదో, చెవిలో ఒక గొంతు పలికింది. "ఆరనీ అప్పా. తరుముకొస్తాండారా ఎవరన్నా?"

ఆ గొంతు గురించి రాద్దామని కూర్చున్నాను. ఇది ఒక మహాగాథ. ఇందులో రాజ్యాధికారం చేతులు మారుతుంది. తాళాలు వేసిన పెట్టెలున్నాయి, వాటికి తుపాకీ కాపలా ఉంది, మండుటెండలో దండయాత్ర ఉంది, ఒక ముసలి తల్లి ఉంది, ఆమె మాట వినని కొడుకున్నాడు, చివర్లో ఒక నమ్మకద్రోహం కూడా ఉంది. చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి అని చెప్పాలనే ఉంది. కాని అబద్ధమెందుకు? ఇది ఒక కవరు గురించి. తుపాకీ పట్టుకున్న పోలీసాయన ఎక్కువభాగం నిద్రపోయాడు. నమ్మకద్రోహం చేసింది నేనే, అదీ విసుగు వల్ల. ఇంకో సంగతి: ఇలాంటి జ్ఞాపకాలు చదివేవాళ్ళు చివరికొచ్చేసరికి సార్ పోయారని ఎదురుచూస్తారు. పోలేదు. కల్లూరులో ఉన్నారు. మోకాళ్ళ నొప్పి తప్ప బాగానే ఉన్నారు.

హుసేన్‌పీరా సార్ మా జిల్లా పరిషత్ హైస్కూలుకు హెడ్మాస్టరుగా చేశారు. కోడుమూరు దాటి ఇంకొంత దూరం పోతే, బస్సు తనకు బుద్ధి పుడితే ఆగే ఊరు మాది. నేను రాయచోటి నుంచి మొదటి ఉద్యోగానికి సోషల్ టీచరుగా అక్కడికి వచ్చాను. సార్ మొదటి రోజు నా పేరు అడిగి, రిజిస్టరులో రాసుకుని, ఆ తరువాత ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. "రాయచోటి, తొమ్మిదో తరగతి గోల వినపడతాండాదా నీకు?" అనేవారు. మనిషిని ఊరి పేరుతో పిలిస్తే ఆ ఊరి పరువంతా మన నెత్తికెక్కుతుంది. నేను పది నిమిషాలు ఆలస్యంగా వస్తే రాయచోటి మొత్తం ఆలస్యంగా వచ్చినట్టే.

ఆయన కింద పనిచేయడం ఎంత చిరాకో చెప్పడానికి ఒక్క విషయం చాలు. సాయంత్రం ఆఫీసు గదికి తాళం వేస్తారు. లాగి చూస్తారు. బస్సు స్టాపు దాకా నడుస్తారు. అక్కడ ఆగి, "తాళం వేసినానా?" అంటారు. "వేసినారు సార్" అంటాను. "చూసినావా?" అంటారు. చూశానంటే నమ్మరు. వెనక్కి పోయి, మళ్ళీ లాగి చూసి వస్తారు. ఈలోపు బస్సు వెళ్ళిపోతుంది. తరువాతి బస్సుకు ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలు లెక్కగడితే నా యవ్వనంలో పెద్ద భాగమే పోయింది. తాళం మాత్రం ఒక్కసారి కూడా తెరిచి లేదు.

ఇలాంటి మనిషికి ఒక దిగులుండేది. సర్వీసులో చేరినప్పటి నుంచీ ఏ ఎన్నికలొచ్చినా ఆయనకు పోలింగు డ్యూటీ పడేది. డ్యూటీ ఎప్పుడూ సొంత ఓటున్న నియోజకవర్గం దాటించే వేస్తారు. అంటే ఊరందరి చేతా ఓటు వేయించే మనిషి తన ఓటు మాత్రం ముందుగానే పోస్టల్ బ్యాలెట్‌గా కవరులో పెట్టి అప్పగించాలి. వేలికి చుక్క ఉండదు, మిషను కూత ఉండదు. ఎన్నికల మరుసటి రోజు మా బడి ముందర టీ అంగడి రామాంజి సార్ వేలు చూసి తప్పకుండా అడిగేవాడట.

"ఏం సార్, చుక్క ల్యాదే? మీలాంటి చదువుకున్నోళ్ళే ఓటెయ్యకపోతే ఎట్ల సార్?"

సార్ ఓపిగ్గా పోస్టల్ బ్యాలెట్ అంటే ఏమిటో మొదటి నుంచీ చెప్పేవారు. టీ చల్లారిపోయేది. రామాంజి అంతా విని, గ్లాసు కడుగుతూ, "ఇంతకీ ఏసినట్టా సార్, ఏయనట్టా?" అనేవాడు.

"వేసినట్టేనప్పా."

"చుక్క ల్యాదు గదా?"

ఈ కథ సార్ నాకు చాలాసార్లు చెప్పారు. చెప్పినప్పుడు ఒక్కసారి కూడా నవ్వలేదు. "వాడు అడిగింది తప్పేం కాదు రాయచోటి. ఇన్నేండ్లు అందరి చేతా ఓటేపించినా. నా ఓటు యాడికి పోయిందో నాకు తెలీదు. మిషన్‌లో వేసేవాడు కండ్లతో చూస్తాడు. కవరులో వేసేవాడు నమ్మల్ల. నమ్మేది శానా కష్టమప్పా" అనేవారు.

నేను ఆ రోజుల్లో ప్రతి దానికీ ఒక జోకు దగ్గర పెట్టుకుని తిరిగేవాణ్ణి. "పోనీ లెండి సార్, మిషన్‌లో వేసినవాళ్ళ బతుకులేం బాగుపడ్డాయి" అన్నాను. ఆయన లేచి తాళం లాగి చూడటానికి పోయారు.

ఆయన రిటైర్ కావడానికి ముందు వచ్చిన ఆఖరి ఎన్నికలవి. ఎండ కర్నూలు ఎండ. దాని గురించి వర్ణన అనవసరం, ఆ ఎండలో వర్ణన కూడా మాడిపోతుంది. బాగా ముసలివాళ్ళకూ నడవలేనివాళ్ళకూ ఇంటికే పోయి ఓటు వేయించే పని ఒకటుంటుంది. ఆ జట్టులో సార్‌నూ నన్నూ వేశారు. మాతో పాటు ఒక వీడియో తీసే అబ్బాయి, నేను ముందే చెప్పిన పోలీసాయన, డోరు లోపలి నుంచి తెరుచుకోని ఒక జీపు. బ్యాలెట్లు, కవర్లు, మడిచిపెట్టిన అట్టపెట్టె లాంటి మరుగు, జిగురు సీసా. ఆ జిగురు సీసాను సార్ దారంతా ఒళ్ళో పెట్టుకున్నారు.

కోడుమూరు పక్క ఒక పల్లెలో నాగమ్మవ్వ ఇల్లు. అవ్వకు తొంభైకి దగ్గర. పంచలో నులకమంచం మీద కూర్చుని ఉంది. ఆమె కొడుకు వెంకటేశు మమ్మల్ని చూడగానే కుర్చీలు వేశాడు, నీళ్ళు తెచ్చాడు, ఆ వెంటనే చేయి చాపాడు.

"ఇట్లియ్యండి సార్. మా అమ్మకు చెయ్యి వణుకుతాది. నేను గీసి ఇస్తా. ఆయప్ప ఈడియో తీసుకుంటాడు, మీరు పోవచ్చు. ఎండ ముదురుతాంది."

పని తొందరగా తేల్చే మాట ఆ రోజు అదొక్కటే వినిపించింది నాకు. నేను సార్ వైపు ఆశగా చూశాను. సార్ అవ్వ వైపు చూస్తున్నారు.

"కండ్లు కనపడతాండాయా అవ్వా?"

"నీ చొక్కాకు మూడో గుండీ ల్యాదు" అంది అవ్వ. "కనపడతాండాయి. ఒక మాట చెప్పు నాయనా. ఈ తూరి నన్ను బూతుకు ఎందుకు రావద్దన్యారు?"

"రావద్దని ఎవరూ అనలేదవ్వా. నువ్వే ఇంటికి రమ్మని ఫారం మీద ఏలిముద్ర వేసినావు గదా."

"నేనా? నేనేడ వేసినా? పింఛన్ కాయితమని చెప్పి వీడు ఏపించినాడు."

వెంకటేశు పంచ పైకప్పు వైపు చూడసాగాడు. అక్కడ బల్లి కూడా లేదు. ఒకసారి ఇంటి ఓటుకు పేరెక్కితే ఇక బూత్‌లో వేయడానికి కుదరదు. ఆ సంగతి సార్ చెప్పారు. అవ్వ కొడుకును చూపిస్తూ మెల్లగా అంది. "బూతులో అయితే వీడు నా ఎనక గడప దాటి రాడు. ఈడ గడపే వీనిది."

తరువాత ఈ విషయం మీద టీవీల్లో చాలామంది చాలాసేపు మాట్లాడటం విన్నాను. ఇంటి ఓటు మంచిదా, బూత్ ఓటు మంచిదా అని. ఆ అవ్వ చెప్పినంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

సార్ లేచారు. "సరే అవ్వా. ఇంటినే బూతు చేద్దాం" అన్నారు. ఆయన మొహంలో ఆఫీసు గది తాళం కనిపించింది. ముందు వెంకటేశును బయటికి పంపారు. తరువాత అతని భార్యను, ఇద్దరు పిల్లలను, పొరుగింటి నుంచి చూడ్డానికొచ్చిన ఇద్దరిని, ఒక మేకను. పంచలోని మంచాన్ని లోపలి గదిలో వేయించి గోడవైపు తిప్పించారు. అట్ట మరుగు నిలబెడితే పడిపోయింది. మళ్ళీ నిలబెడితే మళ్ళీ పడింది. చివరికి దాని వెనక జొన్నల తపేలా ఒకటి ఆనించాం. అంతా అయ్యాక చూస్తే గదికి ఒక కిటికీ ఉంది, ఆ కిటికీలో వెంకటేశు ఉన్నాడు.

సార్ బయటికి పోయి, గొడుగు విప్పి, కిటికీకి అడ్డంగా పట్టుకుని, గదికి వీపు పెట్టి ఎండలో నిలబడ్డారు.

"ఏంది సార్ ఇది? మా అమ్మ ఓటు మాకు తెలీకూడదా?"

"తెలీకూడదప్పా. నాకూ తెలీకూడదు. పొద్దుగూకేసరికి ఆయమ్మ కూడా మర్చిపోతే ఇంకా మంచిది."

అవ్వ తీరిగ్గా ఓటు వేసింది. ఎంత తీరిగ్గా అంటే, బయట గొడుగు రెండుసార్లు చేయి మారింది. కాగితం తనే మడిచి, తనే చిన్న కవరులో పెట్టింది. సార్ లోపలికి వచ్చి జిగురు రాయించారు. నేను కవరు అందుకోబోతే నా చేయి పట్టుకున్నారు. "ఆరనీ అప్పా. తరుముకొస్తాండారా ఎవరన్నా? తడి కవరు తీస్తే మూత లేస్తాది. మూత లేస్తే ఎవడో తెరిచినాడంటారు." అలా మేం అందరం గోడకానుకుని కూర్చుని జిగురు ఆరడం చూశాం. వీడియో అబ్బాయి కూడా ఆపకుండా తీశాడు. ఏ భద్రపరచిన గదిలోనో ఆ వీడియో ఇప్పటికీ ఉండే ఉంటుంది: పది నిమిషాల పాటు ఒక కవరు, ఒక అవ్వ, నిద్రపోతున్న పోలీసు. అవ్వ మాకు బొరుగులు పెట్టబోయింది. ఓటరు చేతి బొరుగులు తినకూడదని సార్ వద్దన్నారు. నాకు ఆకలి దంచేస్తోంది. ఆ రోజు నాకు ప్రజాస్వామ్యం మీద ఉన్న అభిప్రాయం ఇక్కడ రాయడం బాగుండదు.

అదే వారంలో కర్నూలులో ఒక కాలేజీలో ఎన్నికల డ్యూటీ సిబ్బంది చేత వాళ్ళ ఓట్లు వేయించారు. సార్ గెజిటెడ్ హెడ్మాస్టరు కాబట్టి ధ్రువీకరణ అధికారిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. కవరు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను, నిజానికి తెలిసినవాళ్ళకూ సరిగా తెలియదు. ఓటు కాగితం చిన్న కవరులో పెట్టి అంటించాలి. 'ఈ ఓటు వేసింది నేనే' అని ఒక డిక్లరేషన్ మీద అధికారి ఎదుట సంతకం చేయాలి. అది నిజమేనని ఆ అధికారి కింద సంతకం చేయాలి. డిక్లరేషన్‌నూ చిన్న కవరునూ కలిపి పెద్ద కవరులో పెట్టాలి. లెక్కింపు రోజు ముందు డిక్లరేషన్ చూస్తారు. అందులో అధికారి సంతకం లేకపోతే చిన్న కవరు తెరవనే తెరవరు. లోపలి ఓటు ఎవరికో కూడా తెలియకుండా చెల్లని కట్టలోకి పోతుంది.

సార్ పక్కన కూర్చుని ముద్ర కొట్టే పని నాది. జనం వరండా దాటి చెట్ల దాకా నిలబడ్డారు. నేను తెలివి ఉపయోగించి, పని తొందరగా అవుతుందని, ఒక కట్ట డిక్లరేషన్ల మీద ముందుగానే వరసగా ముద్రలు కొట్టేశాను. సార్ చూశారు. ఆ కట్ట మొత్తం అడ్డంగా చింపించి, కొత్త కట్ట తెప్పించారు.

"ముద్ర నువ్వు కొడతావు. నీ తర్వాత అటెండర్ కొడతాడు. కోతికిచ్చినా కొడతాది. ముద్ర సంతకం కాదు రాయచోటి. ముందు మనిషి సంతకం, తర్వాత నా సంతకం, ఆ తర్వాతే ముద్ర. ముద్ర చూసినావంటే అంతా అయిందనుకుంటావు. అదే దాంతో వచ్చే చిక్కు."

నేను సరేనన్నాను. లోపల వేరేది అన్నాను.

మధ్యాహ్నానికి ఒక అంగన్‌వాడీ ఆయమ్మ వచ్చింది. అద్దాలు ఇంట్లో మరిచిపోయిందట, పేర్లు కనపడటం లేదట. "పక్కనోళ్ళను చదవమంటా సార్" అంది. సార్ వద్దని తన కళ్ళద్దాలు తీసి ఇచ్చారు. ఆమె వాడుకుని తరువాతి ఆమెకు ఇచ్చింది. ఆమె ఇంకొకరికి. సార్ కళ్ళద్దాలు ఆ రోజు సాయంత్రం దాకా వరుసగా ఓట్లు వేస్తూనే ఉన్నాయి. అద్దాల్లేకుండా సార్ గీత మీద వేలు పెట్టుకుని, తడుముకుని సంతకాలు చేస్తున్నారు.

జనం కొంచెం పలచబడ్డాక సార్ తన ఓటు వేసుకున్నారు. కాని తన డిక్లరేషన్ తనే ధ్రువీకరించుకోవడానికి వీల్లేదు. పక్క గదిలో ఇంకో అధికారి ఉన్నారు. పశువుల డాక్టరమ్మ, మంచి మనిషి, పొద్దుటి నుంచీ నీళ్ళు కూడా తాగలేదు. సార్ ఆమె దగ్గరికి వెళ్ళి ఆమె ఎదుటే సంతకం చేశారు. ఆమె పెన్ను తీసుకునేసరికి వరుసలో ఇద్దరు ముందూ వెనకా అని కొట్టుకునేదాకా వచ్చారు. ఆమె లేచి వాళ్ళను విడదీసి, కూర్చుని, చేతిలో ఉన్న కాగితం సార్‌కు ఇచ్చి పంపించారు. సార్ దాన్ని పట్టుకుని మా గదికి వచ్చారు.

"రాయచోటి, ఒకసారి చూడు. డాక్టరమ్మ సంతకం పడిందా? నాకు అద్దాల్లేవు."

నేను అప్పటికి ఎన్ని వందల కాగితాలు చూశానో లెక్కలేదు. మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పనే లేదు. తలెత్తి చూస్తే కాగితం కింద ఊదారంగులో గుండ్రని ముద్ర కనిపించింది.

"అయింది సార్."

"చూసినావా?"

తాళం గుర్తొచ్చింది. బస్సు గుర్తొచ్చింది. ఆ ముప్పావుగంటలన్నీ ఒక్కసారిగా నా నెత్తికెక్కాయి.

"చూసినా సార్. ఇంకెన్నిసార్లు చూడల్ల?"

ఆయన తలూపారు. మొదటిసారి, నేను పనిచేసిన అన్ని రోజుల్లో మొట్టమొదటిసారి, వెనక్కి పోయి మళ్ళీ చూసుకోలేదు. నా మాట నమ్మి పెద్ద కవరు అంటించారు. జిగురు ఆరేదాకా కూర్చున్నారు. పెట్టెలో వేసి వచ్చి, "ఆఖరిది. అయిపాయ" అన్నారు. ఆయన మొహంలో ఏదో వెలుగు ఉందని రాస్తే బాగుంటుంది. లేదు. చెమట ఉంది.

లెక్కింపు రోజు నాకు పోస్టల్ బ్యాలెట్ల టేబుల్ దగ్గర సహాయకుడిగా పని పడింది. అన్ని టేబుళ్ళుండగా ఆ టేబుల్, అన్ని కవర్లుండగా ఆ కవరు నా చేతికే రావడం సినిమాలో చూస్తే నేనే నవ్వి లేచి పోయేవాణ్ణి. కాని వచ్చింది. ఇనుప వల అవతల పార్టీల ఏజెంట్లు కుర్చీల అంచుల మీద కూర్చుని ప్రతి కవరుకూ కొట్లాడుతున్నారు. లోపల ఎవరి ఓటుందో ఒక్కరికీ తెలియదు. అయినా ఒకాయన చెల్లుతుందంటాడు, ఇంకొకాయన చెల్లదంటాడు. తరువాతి కవరుకు ఇద్దరూ మాట మార్చుకుంటారు.

పెద్ద కవరు కత్తిరించి డిక్లరేషన్ తీశాను. పేరు చూశాను. హుసేన్‌పీరా. ముత్యాల్లాంటి, గీతకు అంటుకుని కూర్చున్న ఆ సంతకం. దాని కింద డాక్టరమ్మ సంతకం ఉండాల్సిన గీత. గీత ఖాళీగా ఉంది. పక్కనే ఊదారంగు ముద్ర నిండుగా, శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ పక్కన కూడా నాలాంటి తెలివైనవాడు ఒకడు కూర్చుని ముందుగానే ముద్రలు కొట్టి పెట్టాడన్నమాట.

నా జేబులో పెన్ను ఉంది. ఒక్క గీత, ఒక వంపు. డాక్టరమ్మ సంతకం ఆ పొద్దుటి నుంచీ చాలాసార్లు చూసి ఉన్నాను, నా కాళ్ళతో కూడా వేయగలను. నేను పెన్ను తీయకపోవడానికి గొప్ప కారణాలేవీ లేవు. పైన కెమెరా ఉంది. దానికన్నా ముందు, ఆ పని చేస్తే చెవి పట్టుకుని బయటికి ఈడ్చే మొదటి మనిషి ఆ కవరు తాలూకు మనిషేనని తెలుసు.

"ఏమప్పా, అట్ల నిలబడినావు?" అన్నాడు టేబుల్ సూపర్‌వైజర్. "ఆఫీసర్ సంతకం ఉండాదా?"

వల అవతలి నుంచి ఒక ఏజెంటు అరిచాడు. "ముద్ర ఉండాది సార్! ఈడికి కనపడతాంది! చెల్లుతాది!"

"నువ్వు చూసి చెప్పప్పా" అన్నాడు సూపర్‌వైజర్ నాతో.

ఈసారి చూశాను. గీత మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపి చూశాను.

"లేదు సార్."

రిటర్నింగ్ అధికారికి చూపించారు, ఆయనా లేదన్నారు. సార్ చిన్న కవరు, మూత ఒక్క మూల కూడా లేవకుండా చక్కగా అంటించిన కవరు, తెరవకుండానే చెల్లని కట్టలోకి పోయింది. కట్టకు రబ్బరు బ్యాండు వేసింది నేనే.

మూడు రోజులు ఆగి కల్లూరుకు పోయాను. సార్ అప్పటికే రిటైరై ఇంటి దగ్గర ఉన్నారు. షేర్ ఆటో దిగి, కొత్తగా కట్టిన ఇళ్ళ మధ్య రోడ్డు పడని వీధిలో నడిచాను. దారిలో చెప్పాల్సిన మాటలు నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను, మూడింటిలో జోకులున్నాయి. సార్ వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఒక్క జోకు కూడా పనికి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆయన మొదట అన్న మాట ఇది: "ఈ సంగతి నువ్వు నాకు చెప్పకూడదు. లోపల చూసింది లోపలే పెట్టల్ల."

"తెలుసు సార్."

"మరి ఎందుకు చెప్తాండావు?"

"మీరు ఆ రోజు చూసినావా అని అడిగినారు సార్. నేను చూల్లేదు."

ఆయన పేపరు మడిచారు. మూలలు కలిసేలా, నిదానంగా. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"నాకంటే అద్దాల్లేవు" అన్నారు. "నీకేమాయ?"

నేను చాలామంది చేత తిట్లు తిన్నాను. మా నాయన తిట్లలో ఒక బాణీ ఉంటుంది, వింటూ నిద్రపోవచ్చు. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు దొరకలేదు. జోకు కూడా దొరకలేదు. లోపల కుక్కరు మూడు కూతలు వేసింది.

ఆయనే మళ్ళీ అడిగారు. "సంతకం లేదని కనిపెట్టింది ఎవరు?"

"నేనే సార్."

"నువ్వు లేదన్న తర్వాత మల్ల ఎవరన్నా చూసినారా?"

"సూపర్‌వైజర్ చూసినాడు. రిటర్నింగ్ ఆఫీసరు చూసినారు. ఏజెంట్లు ఇద్దరు చూసి కొట్లాడినారు."

"చిన్న కవరు తెరిచినారా?"

"లేదు సార్."

"ఎవరూ?"

"ఎవరూ లేదు సార్. నేనే కట్టలో పెట్టినా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. నవ్వడం మొదలుపెట్టారు. ముందు చిన్నగా, తరువాత భుజాలు కదిలేటట్టు. నాకు భయం వేసింది.

"అంటే చూస్తాండారు రాయచోటి! ఇన్నేండ్లు నా దిగులు అదే గదా. కవరు అంటించి పెట్టెలో వేస్తాండా, అవతల ఎవరన్నా చూస్తాండారా, చిత్తుకాయితాలకు పోతాండాదా అని. నలుగురు చూసినారంట! నా దాన్నే తోసేసినారంటే, మంచివి లెక్కబెట్టినట్టే గదా?"

"మీ ఓటు పోయింది సార్" అన్నాను, ఆయనకు సరిగా అర్థం కాలేదేమోనని.

"పోయింది. యాడికి పోయిందో తెలిసి పోయింది."

లోపలి నుంచి ఆయన భార్య టీ తెచ్చారు. విషయం సార్ ఆమెకు చెప్పారు. అంతలో పక్కింటాయన గేటు దగ్గరికొస్తే ఆయనకూ చెప్పారు. ఆమె నా చేతికి గ్లాసు ఇస్తూ, "చూడు నాయనా, ఓటు చెల్లలేదని షాదీ కబురు చెప్పినట్టు చెప్పుకుంటాండాడు. ఈయనతో నేను ఇన్నేండ్లు ఎట్ల ఏగినానో" అన్నారు. ఆమె వైపు చూస్తే, ముప్పావుగంటల లెక్కలో నాది ఎంత చిన్న పద్దో అర్థమైంది.

వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చారు. క్షమించానని చెప్పలేదు. "కొత్త హెడ్మాస్టరు తాళం లాగి చూస్తాడా?" అని అడిగారు. చూడడని చెప్పాను. "అయితే నువ్వు చూడు" అన్నారు.

ఇప్పుడు ఆయనకు డ్యూటీలు లేవు. వచ్చే ఎన్నికల్లో అందరిలాగే బూత్‌కు పోయి వేస్తారు. బూత్ ఆయన ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న బడి. జాబితాలో పేరుందా అని ఇప్పటికి ఎన్నిసార్లు చూసుకున్నారో ఆయన భార్యకే తెలుసు. దారి కూడా రెండుసార్లు నడిచి చూసొచ్చారట. రామాంజికి వేలు చూపించడానికి మా ఊరి దాకా బస్సులో వస్తానని ఫోన్‌లో చెప్పారు. రామాంజి అంగడి ఎత్తేసి ఏడాదైందని నేనింకా చెప్పలేదు.

నాకు మిగిలింది ఒక దురలవాటు. ఏ కాగితం ముందుకొచ్చినా ముద్ర వైపు చూడను. సంతకం గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా జరుపుతాను. సాయంత్రం ఆఫీసు తాళం వేసి, బస్సు స్టాపు నుంచి వెనక్కి పోయి లాగి చూస్తాను. మా బడికి కొత్తగా వచ్చిన లెక్కల టీచరు నా సంచి పట్టుకుని ఎండలో నిలబడి నన్ను మనసులో ఏమంటున్నాడో నాకు అక్షరం అక్షరం తెలుసు. నిన్న జవాబు పత్రాల కవర్లు అంటించగానే అతను ఎత్తుకుపోబోతే చేయి పట్టుకుని ఆపాను. ఇద్దరం కుర్చీలు లాక్కుని కూర్చుని కవర్లను చూస్తూ ఉన్నాం. ఏం జరగబోతోందోనని అతను ఎదురుచూశాడు.

ఏమీ జరగలేదు. జిగురు ఆరడానికి పది నిమిషాలు పడుతుంది. ఫ్యాను వేస్తే తొందరగా ఆరుతుంది కాని, మూలలు లేస్తాయి.